ఆలస్యంగా కదిలిన కాలు

బంతి వదిలిన క్షణంలోనే వదినకు తెలిసిపోయింది, అది తాను అనుకున్న చోటికి పోవడం లేదని.

వదిలింది ఉత్త చేత్తో కాదు, గరిటెతో. చెయ్యంత పొడుగు ప్లాస్టిక్ కర్ర, దాని కొసన క్రికెట్ బంతి సరిగ్గా ఇరుక్కునే దొప్ప. కొట్లో దాని పేరు సైడ్‌ఆర్మ్. ఈ నెట్స్ హాల్లో మాత్రం అందరూ గరిటె అనే అంటారు. భుజం మీంచి ఊపి మణికట్టు ఒక్కసారి విదిలిస్తే చాలు, పరుగూ ఆయాసమూ లేకుండా బంతి ఫాస్ట్ బౌలరు వేసినంత జోరుగా పోతుంది. పొద్దుటి పూట రెండు వందలు వేసినా చెయ్యి పడిపోదు. ఒకప్పుడు వదిన పోటీల్లో బల్లెం విసిరేది. భుజం పాడయ్యాక అది మానుకోవాల్సి వచ్చింది. నెట్స్ నడిపే మాస్టారు ఆమె మణికట్టు చూసి గరిటె చేతికిచ్చాడు. ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో తొడ మీదో మోచేతి మీదో కమిలిన మచ్చలు తప్ప ఆమె బంతి ఎవరికీ హాని చెయ్యలేదు.

ఆ పొద్దున ఎదురుగా బ్యాట్ పట్టుకుని నిలబడ్డది సొంత ఆడపడుచు. ఇరవైమూడేళ్లది. మనిషి గుప్పెడే గానీ క్రీజులో ఓ క్షణం కుదురుగా నిలవదు, గెంతుతూనే ఉంటుంది. అందుకని ఇంటా బయటా పిచ్చుక అంటారు. పెద్ద టీముకి సెలెక్షన్ మ్యాచి నెల రోజుల్లో ఉంది. అవతలి జట్టులో ఒక పొడుగు పిల్ల బంతిని గొంతు దాకా లేపుతుందని విని, అలాంటివే వెయ్యమని వదిన ప్రాణం తీస్తోంది.

"ఇంకో రెండడుగులు ముందుకొచ్చి వెయ్యి వదినా. నాకేమైనా కొత్త పెళ్లికూతురి మర్యాదలు చేస్తున్నావా?"

వదిన రెండడుగులు ముందుకెళ్లి విసిరింది. కొత్త బంతి, పైన మెరుపు ఇంకా పోలేదు. దొప్పలోంచి ఒక్క లిప్త ఆలస్యంగా జారింది. మ్యాట్ మీద పొట్టిగా పడి చర్రున లేచింది. పిచ్చుక మొహం తిప్పుకుంది. ఎడమ చెవి వెనకాల, హెల్మెట్ అంచు మీద తగిలింది. ఆ చప్పుడు వదిన జన్మలో మరిచిపోదు. టపీమని కాదు, మూత బిగించిన డబ్బా మీద రోకలి పడ్డట్టు.

వదిన గరిటె అక్కడే పారేసి పరిగెత్తింది. అప్పటికే పిచ్చుక మోకాళ్ల మీద లేచి నవ్వుతోంది.

"ఏంటి వదినా, మొన్న నీ చీర ఇస్త్రీ పెట్టెతో కాల్చానని పగ తీర్చుకున్నావా?"

మాస్టారు వచ్చి కూర్చోబెట్టాడు. ఆయన పాత వికెట్ కీపరు, చేతివేళ్లన్నీ ఒక్కో దిక్కు చూస్తుంటాయి. ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నావు, నిన్న ఎన్ని బంతులాడావు అని అడిగాడు. అన్నిటికీ టకటకా చెప్పింది. పక్క వీధి క్లినిక్కు తీసుకెళ్తే అక్కడి డాక్టరు కళ్లలో లైటు వేసి చూసి, వారం రోజులు ఆట వద్దు, తలనొప్పి ఎక్కువైతే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చే దారిలో పిచ్చుక వదిన చెయ్యి పట్టుకుంది. "అమ్మకి చెప్పకు. చెప్పావంటే నా కిట్టు బ్యాగు కత్తిరించి దిండు గలీబులు కుట్టేస్తుంది."

అత్తగారు ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. అన్నంత పనీ చెయ్యగల మనిషి. వదిన సరేనంది. సరేననడం వెనక తన స్వార్థం కూడా ఉందని ఆమెకు తెలుసు. చెప్పాల్సొస్తే, కొట్టింది నేనే అని చెప్పాలి మరి.

వారం తర్వాత పిచ్చుక మళ్లీ నెట్‌లోకి వచ్చింది. వదిన చెయ్యి మాత్రం వెనకటిలా రాలేదు. విసిరినవన్నీ పాదాల దగ్గరికి మెత్తగా పోయేవి.

"ఏమ్మా, బంతులేస్తున్నావా, అక్షింతలేస్తున్నావా?" అన్నాడు మాస్టారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, మర్నాటి నుంచి గుండె చిక్కబట్టుకుని కాస్త జోరు పెంచింది.

గరిటె పట్టినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. బంతి వదిలాక దాన్ని చూడరు, ఆడేవాళ్ల ముందుకాలిని చూస్తారు. అది ఎప్పుడు కదిలింది, ఎటు కదిలింది అన్నదాన్ని బట్టి తర్వాతి బంతి ఎక్కడ వెయ్యాలో తేలుతుంది. పిచ్చుక కాలు వదినకు కంఠతా వచ్చు. దొప్ప నుంచి బంతి విడిపోవడం, ఆ కాలు లేవడం ఒక్కసారే జరిగేవి. దెబ్బ తగిలిన పదిహేనో రోజో పదహారో రోజో, ఆ కాలు ఆలస్యంగా లేచింది. వెంట్రుకవాసి. మర్నాడు ఇంకొంచెం.

"భయం," అని తేల్చేశాడు మాస్టారు. "తలకి తగిలిన ప్రతివాడికీ ఉండేదే. దీనికి మందు ఒక్కటే. పొట్టి బంతులు, జోరుగా, రోజుకి ముప్ఫై. భయం దానంతటదే దిగుతుంది."

వదిన తలూపింది గానీ ఆ మాట మింగుడుపడలేదు. భయపడ్డవాళ్లను ఆమె ఎంతమందిని చూడలేదు! భయపడ్డవాడు ముందే కదులుతాడు. బంతి ఇంకా దొప్పలో ఉండగానే కాలు వెనక్కి లాగేస్తాడు, తల పక్కకి తప్పిస్తాడు. పిచ్చుక వెనక్కి పోవడం లేదు. తల తిప్పడం లేదు. కుదురుగా నిలబడి, బంతి దాటిపోయాక ఆడుతోంది. ఎన్నడూ కుదురుగా నిలవని పిల్ల.

ఇంట్లో కూడా చూడటం మొదలుపెట్టింది. పిచ్చుక కుడిచేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో అడుగున ఆనించుకుంటోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంతోసేపు పడుతోంది. ఒకసారి "వదినా, ఆ తలుపు వేసెయ్, ఎండ పడుతోంది" అంది కిటికీ చూపిస్తూ. "అది కిటికీ తల్లీ" అంటే, "అదే, అదే" అని నవ్వింది. నవ్వులో మూతి ఒక పక్కే కదిలినట్టు అనిపించింది. అనిపించిందా, నిజంగా కదిలిందా? వదిన ఆ పూటంతా దాని మొహం వంకే చూస్తూ కూర్చుంది.

"ఏంటి, నాకేమైనా పెళ్లిసంబంధం చూశావా, అలా చూస్తున్నావ్?" అంది పిచ్చుక.

ఇరవయ్యో రోజు పొద్దున పెరట్లో బట్టలు తీస్తుంటే స్నానాలగది లోంచి కుళాయి ధారగా పారుతున్న చప్పుడు వచ్చింది. దాని కింద ఇంకో చప్పుడు. వాంతి. కుళాయి అందుకే తిప్పింది. వదిన తలుపు కొట్టింది. గడియ తీయడానికి చాలాసేపు పట్టింది. పిచ్చుక గోడకి ఆనుకుని నిలబడి ఉంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. సబ్బుపెట్టె వెనకాల తలనొప్పి మాత్రల అట్ట, సగానికి పైగా ఖాళీ.

"ఎన్నాళ్ల నుంచి?"

"గట్టిగా మాట్లాడకు. అమ్మ వింటుంది."

"ఎన్నాళ్ల నుంచే?"

"వారం. పొద్దున్నే వస్తుంది, ఎండెక్కితే పోతుంది. ఇంకా ఎనిమిది రోజులే వదినా. మ్యాచి అవ్వగానే పెద్దాసుపత్రికి వస్తా. ఇప్పుడు వెళ్తే ఆడొద్దంటారు. ఆరేళ్లు నీతోనే కదా ఆడాను. నీకు తెలీదా?"

వదిన మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంది.

"చెప్తే నీకూ మంచిది కాదు," అంది పిచ్చుక, గొంతు ఇంకా తగ్గించి. "ఎవరి బంతి తగిలిందని అడుగుతారు."

ఆ మాట అన్నాక పిచ్చుకే కళ్లు దించుకుంది. వదినకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమెను అక్కడే కట్టిపడేసింది కూడా ఆ మాటే. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. లిఫ్టులు బాగుచేసే మొగుడు డ్యూటీ నుంచి వచ్చి "ఏంటలా ఉన్నావ్?" అంటే భుజం నొప్పని మాట దాటేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. భయం రెండు వైపులా పట్టుకుని లాగుతుంటే మనిషి ఎటూ కదలలేదు. ఆ రెండు రోజులూ ఆమె అలాగే ఉంది.

ఇరవైరెండో రోజు పొద్దున హాల్లో మాస్టారు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "ఇవాళ మొహమాటాల్లేవు. పద్దెనిమిది గజాల నుంచి, ఛాతీ ఎత్తు, నీ పూర్తి జోరు. ముప్ఫై."

పిచ్చుక హెల్మెట్ పట్టీ బిగించుకుంటోంది. కుడిచెయ్యి రెండుసార్లు జారింది, మూడోసారి ఎడమచేత్తో పెట్టుకుంది. నడిచి క్రీజులోకి వెళ్తుంటే కుడి బూటు ముందుభాగం మ్యాట్‌కి రాసుకుంది. మాస్టారు అప్పుడే వెనక్కి తిరిగి ఎవరికో ప్యాడ్లు ఇస్తున్నాడు, చూడలేదు.

వదిన మొదటి బంతి కావాలనే మెల్లగా, బాగా బయటికి వేసింది. అది వెనక వలకి తగిలి కింద పడింది. ఆ తర్వాత పిచ్చుక బ్యాట్ ఊపింది.

వదిన బంతుల బకెట్లో చెయ్యి పెట్టింది. రెండో బంతి దొప్పలో పెట్టుకుని, పసిపిల్లలకు వేసినట్టు, నేల మీద పడకుండా నేరుగా ప్యాడ్ల మీదికి వేసింది. కళ్లు మూసుకుని కూడా ఆడగలిగే బంతి. పిచ్చుక బ్యాట్ దానికి జానెడు దూరంలో దిగింది. బంతి మోకాలికి తగిలి దొర్లిపోయింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అరిచాడు మాస్టారు. "పొట్టిగా వెయ్యమంటే!"

"వెయ్యి వదినా!" అంది పిచ్చుక. ఆ అరుపులో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువ వినిపించింది.

వదిన మూడో బంతి దొప్పలో ఇరికించింది. చెయ్యి పైకెత్తింది. అవతల పిచ్చుక బ్యాట్ ఎత్తి నిలబడి ఉంది, అస్సలు గెంతడం లేదు, రాటలా నిలబడి ఉంది. ఈ బంతి వేస్తే అది తప్పుకోదు. తప్పుకోవాలని దానికి తెలిసేలోపే తగిలిపోతుంది. ఆ సంగతి ఈ హాల్లో తనకొక్కదానికే తెలుసు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించి, గరిటెను నేల మీద పెట్టి, పిచ్ మధ్యలోంచి నడుచుకుంటూ పిచ్చుక దగ్గరికి వెళ్లింది.

"గ్లౌజులు తియ్యి."

"వదినా, ప్లీజ్."

"తియ్యవే."

తనే లాగి పారేసింది. తన రెండు చేతులూ చాపింది. "పట్టుకో. రెండు చేతుల్తో. ఎంత బలముంటే అంత."

పిచ్చుక ఎడమచెయ్యి వదిన వేళ్లను విరిగిపోయేట్టు నొక్కింది. కుడిచెయ్యి చంటిపిల్ల చెయ్యిలా ఉంది. వేళ్లు ఉన్నాయి, చుట్టుకున్నాయి, అంతే.

"మాస్టారూ," అని పిలిచింది వదిన. "ఇటు రండి. మీరూ పట్టుకుని చూడండి."

మాస్టారు వచ్చి తన వంకర వేళ్లను పిచ్చుక అరచేతిలో పెట్టాడు. మూడు క్షణాలు. ఆయన మొహం పాలిపోయింది. జేబులోంచి కారు తాళాలు తీశాడు.

పిచ్చుక ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. "నువ్వు నా... నా... అదంతా పాడు చేశావ్" అంటోంది, ఏదంతానో ఆ మాట దొరకడం లేదు. కారెక్కేలోపు ఒకసారి వాంతి చేసుకుంది. వెనక సీట్లో తల వదిన ఒళ్లో పెట్టుకుంది. మత్తుగా కళ్లు మూసుకుంటోంది.

"నిద్రపోనివ్వకు, మాట్లాడిస్తూ ఉండు," అన్నాడు మాస్టారు, అద్దంలోంచి చూస్తూ. ఆయన చెయ్యి హారన్ మీంచి తియ్యడం లేదు.

"పిచ్చుకా, నీ పెద్ద స్కోరు ఎంతే? చెప్పు."

"నూట... నూట పదకొండు."

"ఎవరి మీద?"

చాలాసేపు జవాబు లేదు. ముందు ఒక లారీ అడ్డంగా తిరుగుతోంది. వదిన పిచ్చుక చెంపల మీద తట్టింది. "ఎవరి మీదే?"

"తలుపు మీద," అంది పిచ్చుక, కళ్లు తెరవకుండానే.

వదినకు పై ప్రాణాలు పైనే పోయాయి. దాన్ని గుండెకు హత్తుకుని, ఏం మాట్లాడుతోందో తనకే తెలియకుండా మాట్లాడింది. కాల్చిన చీర గురించి, దాని చిన్నప్పటి సైకిలు గురించి, పెళ్లిలో తన చెప్పులు దాచి ఇవ్వకపోవడం గురించి. పిచ్చుక మధ్యమధ్యలో ఊఁ అంటోంది. ఆ ఊఁ ఎక్కడ ఆగిపోతుందోనని ప్రతి సిగ్నలు దగ్గరా ఊపిరి బిగబట్టింది.

ఆసుపత్రిలో తల స్కాన్ తీశారు. డాక్టరమ్మ చిన్నది, పిచ్చుక కంటే నాలుగేళ్లు పెద్దదేమో. బొమ్మ చూపించి నెమ్మదిగా చెప్పింది. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం కొంచెం కొంచెంగా చేరింది, మూడు వారాలుగా. మెదడును పక్కకి నెడుతోంది. ఇవాళే చిన్న రంధ్రం పెట్టి తీసేయాలి.

"ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే?" అని మాస్టారు అడిగాడు.

"రెండ్రోజుల మాట అటుంచండి. ఇవాళ ఇంకో దెబ్బ తగిలి ఉంటే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కాదు," అంది డాక్టరమ్మ.

మాస్టారు బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ముప్ఫై వెయ్యమన్నది ఆయన.

మొగుడు గ్రీజు చేతుల్తోనే వచ్చాడు. ఆటోలో అత్తగారు వచ్చింది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. సంతకాలయ్యాయి. పిచ్చుకను లోపలికి తోసుకెళ్లారు. తలుపులు మూసుకున్నాక అత్తగారు అడిగింది.

"దెబ్బ ఎలా తగిలింది?"

మొగుడు వదిన వంక చూశాడు. ఆయనకూ తెలియదు.

"నేను విసిరిన బంతి అత్తయ్యా. నా చేతిలోంచే తప్పింది."

"ఎప్పుడు?"

"ఇరవైరెండు రోజులైంది."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. "బంతి తప్పిందంటే సరే. ఇరవైరెండు రోజులు నోరెలా కట్టేసుకున్నావ్? ఒకే ఇంట్లో, నా కళ్ల ముందు అన్నం పెడుతూ?"

అత్తగారు లేచి వెళ్లి అవతలి వరస కుర్చీలో కూర్చుంది. మొగుడు ఎటు కూర్చోవాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా వదిన ఆ తలుపుల కేసి చూస్తూ, పిచ్చుక కాలు వేళకి లేచిన రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది.

డాక్టరమ్మ వచ్చి అంతా బాగానే జరిగిందంది. అత్తగారు అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంది. వదినతో ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఫ్లాస్కు ఆమె వైపు జరిపి, "తాగు. నిన్నట్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు," అంది. అంతకు మించి ఎప్పుడూ ఏమీ అనలేదు. మరిచిపోయిందనీ కాదు.

పిచ్చుక కోలుకుంది. మాటలు వారంలో సరిగా వచ్చాయి, చెయ్యి రావడానికి రెండు నెలలు పట్టింది. సెలెక్షన్ మ్యాచి అది లేకుండానే అయిపోయింది. ఏడాది దాకా గట్టి బంతి ఆడకూడదని, ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. పిచ్చుక గోడ వైపు తిరిగి పడుకుంది. వదినతో ముక్తసరి మాటలే. ఇంట్లో ఏదైనా కావలిస్తే తల్లితో "ఆవిడని అడుగు" అనేది. వదిన ఆ "ఆవిడ" అన్న మాటను నోరెత్తకుండా భరించింది.

మూడు వారాలకు మాస్టారు కబురు పెడితే హాలుకి వెళ్లింది. గరిటె పట్టింది. ఇప్పటికీ పడుతోంది. పొట్టి బంతి వెయ్యాల్సి వస్తే అప్పుడప్పుడూ చెయ్యెత్తి దించేస్తుంది, ఆడేవాళ్లు విసుక్కుంటారు. మాస్టారు మాత్రం ఏమీ అనడు. తలకి బంతి తగిలిన ఎవర్నైనా ఇప్పుడు ఆయనే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాడు, వాళ్లు వద్దని మొత్తుకున్నా సరే.

నాలుగో నెలలో ఒక సాయంత్రం వదిన వంటింట్లో కూర తాళింపు పెడుతుంటే పిచ్చుక వచ్చి గడప మీద కూర్చుంది. జుట్టు ఒక పక్క రెండంగుళాలు పెరిగి నిక్కబొడుచుకుని ఉంది. అడగకుండానే చెప్పింది.

"ఆ రోజు రెండో బంతి వేశావు చూడు, మెల్లగా, ప్యాడ్ల మీదికి."

వదిన గరిటె తిప్పడం ఆపింది.

"నాకు రెండు బంతులు కనపడ్డాయి వదినా. పక్కపక్కనే. ఏది నిజమో తెలీలేదు. మధ్యలో పెట్టా బ్యాటు. నాలుగు రోజుల ముందు నుంచీ అలాగే ఉంది. నీకు చెప్పలేదు. చెప్తే వెయ్యవని."

మూడో బంతి వేసి ఉంటే దానికీ ఇది ఆ రెండిటి మధ్యనే నిలబడి ఉండేది. వదిన పొయ్యిగట్టు పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడింది.

పిచ్చుక దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేసింది.

"వదినా," అంది చివరికి, "లే. కూర మాడిపోతోంది."